నా మాటకు నేనే జామీను

మూసాపేట మైదానంలో బల్ల వేశారు. బల్ల మీద ఎర్రగుడ్డ. గుడ్డ మీద గీత పుస్తకం, పక్కన రాగిచెంబులో గంగనీళ్లు, ఒక పళ్లెంలో ఉప్పు. బల్ల వెనక పంతులు నిలబడ్డాడు. ఆయన పక్కన ఖాకీ బట్టల సుబేదారు లింగమూర్తి. కుర్చీలో గుమాస్తా వెంకటనారాయణ, ఆయన ముందు కాగితాల దొంతర. బల్లకు ఇవతల ముప్పై ఎనిమిది మంది, ఒకడి వీపు చూస్తూ ఇంకొకడు, ఎండలో వరసగా ఉన్నారు.

వాళ్లంతా రాళ్లు కొట్టేవాళ్లు. నిజాం ఫౌజు లొంగిపోయి ఎనిమిది నెలలైంది. కొత్త సర్కారుకు రోడ్లు వేసే, వంతెనలు కట్టే పటాలం కావలసివచ్చింది. బండ పగలగొట్టడం వచ్చినవాళ్లు రావచ్చని ఊరూరా టముకు వేయించారు. నానక్‌రామ్‌గూడ వడ్డెరగుడిసెల నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఎల్లేశం ఒకడు.

ముందురోజే పరీక్ష అయిపోయింది. ఎద్దంత బండ చూపించి పగలగొట్టమన్నారు. ఎల్లేశం దాని చుట్టూ ఒక్కసారి తిరిగాడు, అరచేత్తో తడిమాడు, మూడు చోట్ల శానం, అంటే ఉక్కు ఉలి, దించాడు, నాలుగో దెబ్బకు జొన్నరొట్టె తుంచినట్టు రెండు ముక్కలు చేశాడు. సుబేదారు అక్కడికక్కడే చెప్పాడు, వీణ్ణి మందు పనికి రాసుకోండని. మందు అంటే బండలు పేల్చే మందు. అది అందరి చేతికీ ఇచ్చేది కాదు. రేపు ప్రమాణం అయితే నౌకరీ ఖాయమన్నారు. ప్రమాణమంటే కాగితం మీద వేలిముద్ర కాబోలు అనుకున్నాడు ఎల్లేశం. అతని ఎరికలో సర్కారు అడిగేది అదొక్కటే.

తీరా వస్తే సంగతి వేరు. పుస్తకం మీద చెయ్యి పెట్టాలి. పంతులు హిందుస్తానీలో ముక్క ముక్కగా చెప్పేది తిరిగి అనాలి. గంగనీళ్లు గుక్కెడు తాగి, ఉప్పు నాలుక మీద వేసుకుని పక్కకు పోవాలి. ఊళ్లో ఉన్నప్పుడు ఏ పంతులూ గడప తాకనివ్వని చేతులకు ఇక్కడ పుస్తకం మీదనే చోటు దొరికింది. ఫౌజుకు మనుషులు కావాలంటే మైల ఎటు పోతుందో ఎవరూ అడగరు.

ఎల్లేశానికి ముందు అతని జతగాళ్లు ఇద్దరూ తల వంచుకుని అనేశారు. అతని వంతు వచ్చింది. పంతులు పుస్తకం ముందుకు జరిపాడు. ఎల్లేశం చెయ్యి ఎత్తలేదు.

దీంట్లో ఏమున్నదో జర తెలుగులో చెప్పండని అడిగాడు. పంతులుకు ఒళ్లు మండింది. అంతకుముందు ఎనిమిది మంది అనేశారు, ఒక్కడూ అర్థం అడగలేదు. గుమాస్తా వెంకటనారాయణది బెజవాడ వైపు, ఓపికమంతుడు. ఆయనే చెప్పాడు.

"దేవుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను, సర్కారుకు నమ్మకంగా ఉంటాను, పంపిన చోటికల్లా పోతాను, ప్రాణం మీదికొచ్చినా పైవాళ్ల హుకుం పాటిస్తాను. అంతేనయ్యా, ఇందులో ఏముంది."

"నమ్మకంగ ఉంట. పంపిన కాడికి పోత. హుకుం ఇంట," అన్నాడు ఎల్లేశం. "దేవుని సాక్షి అన్న మాట మాత్రం నేననను."

వరసలో ఎవడో నవ్వబోయి ఆగిపోయాడు.

ఎల్లేశం ఎందుకు అననన్నాడో ఆ బల్ల వెనక ఉన్నవాళ్లకు తెలియదు. నానక్‌రామ్‌గూడలో పిల్లలకు కూడా తెలుసు.

నాలుగేళ్ల కింద రాయదుర్గం పక్క బండల మీద ఒక గుత్తేదారు పని పట్టాడు. రామన్న మేస్త్రీ ముఠా పోయింది. రామన్న ఎల్లేశానికి మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. ఎల్లేశం అన్న ఐలయ్య ఆ ముఠాలో మొనగాడు. ఆ రోజు పదకొండు గుంతల్లో మందు కూరారు, వత్తులు అంటించారు, దూరం పోయి బండ చాటున కూర్చున్నారు. పేలినవి పది అన్నారు కొందరు, పదకొండు అన్నారు కొందరు. చూసి రావలసినవాడు గుత్తేదారు మనిషి. వాడు ఎండకు చెట్టు కింది నుంచి కదలలేదు. రామన్న గుచ్చి గుచ్చి అడిగితే, దేవుని మీద ఒట్టు, అన్నీ పేలినయ్, పోయి పని చూసుకోండ్రి అన్నాడు. అంత పెద్ద పేరు చెప్పాక ఇంకేం అడుగుతారు. ఐలయ్య పోయి శానం పెట్టి సమ్మెట ఎత్తాడు. పదకొండో గుంత పేలింది.

ఐలయ్యను గోనెపట్టాలో ఎత్తుకొచ్చారు. పంచాయితీ పెడితే ఆ మనిషి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. దేవుడు తీసుకపోయిండు, నేనేం చేద్దును అన్నాడు. పెద్దలు తలలూపారు. పొద్దున సాక్షిగా నిలబెట్టినవాడినే సాయంత్రానికి ముద్దాయిని చేశాడు వాడు. మధ్యలో తాను మాత్రం ఎక్కడా లేడు. పంచాయితీ లేచిపోయింది.

ఆ మర్నాటి నుంచి రామన్న ముఠాలో ఒక కట్టుబాటు. బండ దగ్గర దేవుని పేరెత్తి ఒట్టు పెట్టినవాణ్ణి ఆ పూటకు ఇంటికి పంపుతారు. గుంతలు చూసి వచ్చినవాడు అందరూ వినేటట్టు ఒకటే మాట చెప్పాలి, నేను చూసిన, నేనే జామీను అని. చెప్పి ఊరుకుంటే కాదు. మొదటి సమ్మెటదెబ్బ వాడే వెయ్యాలి. తన ఒంటి మీదికి రానిదే మాటకు బరువు రాదని రామన్న లెక్క. ఈ నాలుగేళ్లలో ఆ ముఠాలో ఒక్కడి చిటికెనవేలు కూడా పోలేదు.

అంతమాత్రాన వాళ్లు దేవుళ్లు లేనివాళ్లేం కాదు. ఎల్లేశం ఏటా ఆషాఢంలో పోచమ్మకు కోడిని కోస్తాడు. జ్వరమొస్తే మొక్కుకుంటాడు. అది అతనికీ పోచమ్మకూ మధ్య సంగతి.

ఇదంతా చెప్పే సందు మూసాపేటలో దొరకలేదు. సుబేదారు లింగమూర్తి బల్ల తిరిగి ముందుకు వచ్చాడు. ఆయనది ఓరుగల్లు పక్క పల్లె. పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చినవాడు. ఎల్లేశాన్ని కింది నుంచి మీదికి చూశాడు.

"సంగపోనివారా నువ్వు?"

ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. సంగపోడు అంటే కమ్యూనిస్టు. నల్లగొండ, ఓరుగల్లు పల్లెల్లో ఆ పేరు పెట్టి ఎవణ్ణి ఎప్పుడు లారీ ఎక్కిస్తున్నారో తెలియదు. దేవుడు లేడన్నవాడు సంగపోడు, సంగపోడైతే జైలు. కచేరీల్లో లెక్క అంత సులువు. ఎల్లేశం వెనక నిలబడ్డవాడు రెండడుగులు వెనక్కి జరిగాడు.

"సంగం గింగం నాకెరుక లేదు దొరా. బండ కొట్టేటోణ్ణి."

"మరి దేవుడు లేడంటివి."

"లేడని నేనన్ననా? నా పోచమ్మ నాకున్నది. నౌకరీ కాగితం మీదికి ఆమెను సాక్షి గుంజకరానన్న. గంతే."

 నిన్నటి బండ సుబేదారు కళ్లముందే ఉంది. అట్లాంటి చెయ్యి ముప్పై ఎనిమిది మందిలో ఇంకోటి లేదు. చివరికి తీర్పు చెప్పాడు. రేపు పొద్దున బాచుపల్లి దిక్కు నుంచి ఇంకో జట్టు వస్తుంది, వాళ్లతో వచ్చి నిలబడు. చెయ్యి పెడితే పటాలంలో ఉంటావు. పెట్టకుంటే పోలీసులకు చిట్టీ రాస్తాను, నువ్వెవరివో వాళ్లే అడిగి తెలుసుకుంటారు. ఇంత చెప్పి, తరవాతి మనిషిని పిలిచాడు.

ఎల్లేశం కొండాపూర్ మీదుగా గుడిసె చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. జతగాళ్లు పటాలం డేరాల్లోనే ఉండిపోయారు. వాళ్ల మీద అతనికి కోపం లేదు. ఆకలి మీద ఉన్నవాడి నోట్లో ఏ మాట పెట్టినా మింగుతాడు. కోపమంతా, ఆకలిని చూసి ఆ మాట పెట్టేవాళ్ల మీద.

రామన్న గుడిసె ముందు కూర్చుని సమ్మెటకు కొత్త కామ బిగిస్తున్నాడు. లోపల అతని బిడ్డ, ఎల్లేశం పెళ్లాం భూలక్ష్మి రొట్టెలు కొడుతోంది. ఆమెకు అయిదో నెల. ఎల్లేశం జరిగింది జరిగినట్టు చెప్పాడు. అల్లుడు తాను పెట్టిన కట్టుబాటుకే నిలబడ్డాడు కదా, మామ మెచ్చుకుంటాడనుకున్నాడు. రామన్న మెచ్చుకోలేదు. కామ మీది నుంచి తలెత్తకుండానే, అనేసి రావలసింది అన్నాడు.

"బండ కాడి కట్టుబాటు బండ కాడ. సర్కారు కాడ సర్కారు ముచ్చట. నోటితోని ఒక్క మాట అంటే నీ నోరేమన్న అరుగుతదారా?"

"సర్కారు కాడ నేను కూరేది గూడ మందే కద మామా."

రామన్న చేతిలో కామ ఆగింది. ఎల్లేశం ఆగలేదు. ఇక్కడ దేవుని పేరు చెప్పినవాణ్ణి పనికిరాడని పంపేస్తామే, అక్కడ చెప్పనివాణ్ణి పనికిరాడంటున్నారు, ఈ రెంటిలో ఏది తప్పో చెప్పమన్నాడు. రామన్న తప్పొప్పుల జోలికి పోలేదు. తనకు అరవై దగ్గరపడ్డాయి, గుత్తేదారు ఇష్టమైతే పిలుస్తాడు, లేకపోతే లేదు. బిడ్డ కడుపుతో ఉంది. ఐలయ్య పోయాడు, నువ్వు జైలుకు పోతే ఈ ఇంటికి మగదిక్కు ముసలివాణ్ణి నేనొక్కణ్ణే అన్నాడు. అన్నదాంట్లో అబద్ధం లేదు. 

భూలక్ష్మి పిండిచేతులతో బయటికి వచ్చింది. ఈ నౌకరీ ఎల్లేశం కంటే ఆమెకే ఎక్కువ కావాలి. నెలనెలా బియ్యమొస్తాయని చుట్టుపక్కల గుడిసెలకు చెప్పుకుంది కూడా. ఏడుస్తుందేమో అనుకున్నారిద్దరూ. ఆమె తండ్రి వైపు తిరిగింది.

"నువ్వు పెట్టిన కట్టుబాటే గద నాయినా. మా బావ సచ్చినంక పెడితివి. ఇప్పుడు బియ్యం కోసం తీసేస్తవా?"

 ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు గూడ ఇను. గుడిసెల కూసొని మా ముందల మీసం తిప్పుడు కాదు. రేపు పో. పోయి ఆ సుబేదారు ముంగటనే చెప్పు, ఎందుకనవో. ఐలయ్య బావ ముచ్చట చెప్పు. అప్పుడు జైల్ల ఏస్తె ఏసుకోనియ్. నేను సమ్మెట పడత. మా అమ్మ నన్ను కడుపుల పెట్టుకొని పట్టలేదా?"

ఇంత చెప్పి, రొట్టె మాడుతుందని లోపలికి పోయింది.

పొద్దున్నే ఎల్లేశం మూసాపేట చేరాడు. బాచుపల్లి దిక్కు మనుషులు అప్పటికే వరసకట్టి ఉన్నారు, నలభై మంది దాకా. నిన్నటి సంగతి వాళ్ల చెవుల్లో పడినట్టుంది. దేవుణ్ణి వద్దన్నవాడు వీడేనట అని ఒకడికొకడు చూపించుకున్నారు. పంతులు పుస్తకం మీది దుమ్ము ఉత్తరీయంతో తుడుస్తున్నాడు.

గుమాస్తా వెంకటనారాయణ ఎదురొచ్చి ఎల్లేశాన్ని డేరా పక్కకు తీసుకుపోయాడు. అక్కడ సుబేదారు కూడా ఉన్నాడు. గుమాస్తా చేతిలో నిన్నటి కాగితం. దాని అడుగున సన్నటి అక్షరాల్లో ఇంకో వరస ఉందని చూపించాడు. దేవుడి పేర ప్రమాణం చేయడానికి ఒప్పుకోనివాడు, నిజాయితీగా చెబుతున్నాను అని తన మాట మీద చెప్పవచ్చునట. అది చెల్లుతుందట. తెల్లవాడి కాలం నుంచీ అచ్చయి ఉందట.

"తొమ్మిదేళ్లుగా ఈ కాగితాలే నింపుతున్నానయ్యా," అన్నాడు గుమాస్తా. "ఈ వరస నేను ఒక్కసారి కూడా చదవలేదు. అడిగినవాడు ఉంటేగా."

నిజం అంతే. హక్కు కాగితం అడుగున పడి ఉంటుంది. పైన ఎర్రగుడ్డ కప్పి ఉంటుంది. ఎవడో ఒకడు చెయ్యి పెట్టననేదాకా ఆ గుడ్డ ఎవరూ తియ్యరు.

సుబేదారు దారి చెప్పాడు. ఇక్కడే, ఈ డేరా వెనకనే గుమాస్తా చదువుతాడు, నువ్వు అను, వేలిముద్ర వెయ్యి, మందు పనిలో చేరు. వరసలో వాళ్లకు ఈ సంగతి చెప్పకు. నీకు నీ మాట దక్కుతుంది, నాకు నా పటాలం దక్కుతుంది అన్నాడు.

 నౌకరీ చేతిలో ఉంది. బియ్యం, జీతం, పోలీసు చిట్టీ లేకపోవడం, అన్నీ ఆ డేరా వెనకనే ఉన్నాయి. వేలు ముందుకు చాస్తే చాలు. భూలక్ష్మి మాట గుర్తుకు రాకపోయినా అతను ఆగేవాడే, ఎందుకంటే అతనికి ఇది బాగా ఎరికైన సంగతి. గుత్తేదారు మనిషి చెట్టు చాటున కూర్చున్నాడు. చాటున చెప్పిన మాటకు జామీను ఉండదు.

"వాళ్లందరు బల్ల ముంగట అంటున్నరు. నేనేమన్న దొంగతనం చేస్తున్ననా, డేరా ఎనక అనెటందుకు?"

సుబేదారుకు ఓపిక అయిపోయింది. గొంతు పెరిగింది. వరసలో వాళ్లు ఇటు తిరిగి చూశారు. బర్మా అడవిలో పదిహేను రోజులు ఆకులు తిని బతికానన్నాడు. పక్కనున్నవాళ్లు శత్రువు దిక్కు పోతుంటే తాను పోలేదన్నాడు. ఎందుకు పోలేదో తెలుసా అని అడిగాడు. ఆ పుస్తకం మీద చెయ్యి పెట్టాను గనుక. ఆ రోజు తనను పట్టి నిలిపింది దేవుడే. అబద్ధం కాదు, ఆయన కళ్లలో నీళ్లు కనిపించాయి.

"నిన్నెవడు పట్టి నిలుపుతడురా? భయం లేనోని చేతికి మందెట్ల ఇయ్యాలె నేను?"

ఎల్లేశం అప్పుడు ఐలయ్య సంగతి చెప్పాడు. గుత్తేదారు మనిషి ఒట్టు, పదకొండో గుంత, గోనెపట్టా, పంచాయితీ, ఏదీ వదలలేదు. గట్టిగానే చెప్పాడు, వరసకు వినబడేటట్టు. తరవాత సుబేదారు మొహంలోకి చూశాడు.

"నీ దేవుడు నిన్ను నిలిపిండు, మంచిదే దొరా. నీ దేవుని మీద నాకేం పగ లేదు. గని మా అన్నను సంపినోడు గూడ ఆ పేరే చెప్పిండు. నా మాట తప్పితే నన్ను పట్టుకోండ్రి, నేనీడనే ఉంట. దేవుణ్ణి ఎట్ల పట్టుకుంటరు?"

 పంతులు ఏదో శ్లోకం మొదలుపెట్టి, ఎవరూ వినడం లేదని చూసి మానేశాడు. సుబేదారు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఆయన నమ్మకం ఆయనకు అట్లాగే ఉంది, ఇంచు కదలలేదు. కానీ ఎదురుగా ఉన్నవాడు అబద్ధమాడటం లేదని మాత్రం తెలిసింది. ఫౌజులో వందలమందిని చూసినవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

"బల్ల కాడికి నడువు," అన్నాడు.

గుమాస్తాకు హుకుం కూడా ఇచ్చాడు. వీడి కాగితం మీద ఎర్రసిరాతో రాయండి, దేవుడి పేర ప్రమాణం చెయ్యనన్నాడని. ఆ రాత ఉన్నన్నాళ్లు వీడికి భుజం మీద ఫీతీ రాదు, పైమెట్టు దక్కదు, రేపు ఎవరు అడిగినా పోలీసులకు ఆ కాగితమే చూపిస్తాను అన్నాడు. భయపెట్టడానికి కాదు, ఉన్నదే చెప్పాడు.

రాసుకొమ్మన్నాడు ఎల్లేశం. రాసింది చదివి వినిపించమన్నాడు. గుమాస్తా చదివాడు. నిజమే రాసిండ్రని బొటనవేలు సిరాలో ముంచి, ఆ ఎర్ర అక్షరాల పక్కనే ముద్ర వేశాడు.

తరవాత బల్ల ముందు నిలబడ్డాడు. నలభై మంది చూస్తున్నారు. పంతులు పుస్తకాన్ని తనవైపు లాక్కున్నాడు, రాగిచెంబు కూడా. వెంకటనారాయణ లేచి నిలబడి ఆ సన్నటి వరస చదివాడు. ఎల్లేశం ఒక్కొక్క ముక్కా వెనకనే అన్నాడు. నా మాట మీద చెబుతున్నాను, నమ్మకంగా ఉంటాను, పంపిన చోటికి పోతాను, హుకుం పాటిస్తాను. బండ మీద అరిచి అలవాటైన గొంతు. మైదానం అవతల డేరాల్లో ఉన్న జతగాళ్లిద్దరూ బయటికి వచ్చి చూశారు.

ఉప్పుపళ్లెం వంక చెయ్యి చాస్తే పంతులు అడ్డుపడ్డాడు. ప్రమాణం చెయ్యనివాడికి ఉప్పెట్లా అన్నాడు.

"ఉప్పు సర్కారుది పంతులూ. రేపటి సంది దాని అన్నం తింట. ఉప్పు కూడ తింట," అని ఎల్లేశం చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. సుబేదారు ఆపలేదు.

తరవాతి పేరు పిలిచారు. బాచుపల్లి దిక్కు మనిషి, నలభై దాటినవాడు, నుదుట విభూతి. పంతులు అమ్మయ్య అనుకుని పుస్తకం ముందుకు తోశాడు. ఆ మనిషి చెయ్యి పెట్టలేదు. పుస్తకం వంక చూశాడు, ఎల్లేశం వంక చూశాడు, గుమాస్తాను అడిగాడు, నేను ఏ తీరు అనాలె అని.

గుమాస్తా సుబేదారు మొహం చూశాడు. 

"అడుగు వాణ్ణి," అన్నాడు సుబేదారు. "ఒక్కొక్కణ్ణి అడుగు. మళ్ల డేరా ఎనక పంచాయితీ నాకొద్దు."

వెంకటనారాయణ రెండు వరసలూ తెలుగులో చదివి వినిపించాడు. దేవుడి పేరనా, నీ మాట మీదనా అని అడిగాడు. విభూతి మనిషి క్షణం ఆలోచించాడు.

"నాకు దేవుడే," అన్నాడు. పుస్తకం మీద రెండు చేతులూ పెట్టాడు. కళ్లు మూసుకుని, ఒక్క ముక్క పొల్లు పోకుండా అన్నాడు. నిన్నటి ముప్పై ఎనిమిది మందిలో ఒక్కడు కూడా అట్లా అనలేదు.

ఎల్లేశం అది చూసి తల ఊపాడు. వాడి దేవుడు వాడివాడు, వాడే పిలుచుకున్నాడు.

తరవాతివాణ్ణి అడిగారు. ఆ తరవాతివాణ్ణి అడిగారు. వరస నత్తనడక నడిచింది. ఈ లెక్కన మధ్యాహ్నం దాటుతుంది, తల మాడిపోతోందని పంతులు సణిగాడు. గొడుగు తెప్పించుకొమ్మన్నాడు సుబేదారు.